లె స్కువార్నెక్ ఉదంతం – ఫ్రెంచి న్యాయవ్యవస్థ వైఫల్యాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తన వద్దకు వైద్యానికి వచ్చిన పిల్లలపై ఏళ్ల తరబడి లైంగిక నేరాలకు పాల్పడిన శస్త్రవైద్యుడు జోయెల్ లె స్కువార్నెక్ ఉదంతాన్ని ఫ్రెంచి చట్టాల చరిత్ర నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2005లోనే అతడు దోషిగా తేలాడు. అయినా నేరాలు ఆగలేదు. ఇందుకు సమాచారలోపం కంటే, తెలిసిన సమాచారంపై చర్య తీసుకోవలసిన బాధ్యత ఎవరిదో స్థిరపడకపోవడమే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫ్రాన్స్, బాలల రక్షణ, లైంగిక నేరాలు, న్యాయచరిత్ర, సంస్థాగత బాధ్యత.

1. ప్రవేశిక:
2025 మే 28న పశ్చిమ ఫ్రాన్స్‌లోని వాన్ నగర న్యాయస్థానం 74 ఏళ్ల లె స్కువార్నెక్‌కు 20 ఏళ్ల జైలుశిక్ష విధించింది. 1989 నుండి 2014 వరకు 299 మందిపై అత్యాచారాలు, లైంగిక దాడులు చేశాడన్నది అభియోగం. బాధితుల సగటు వయస్సు 11 సంవత్సరాలు. వారిలో అత్యధికులు అతడి వద్ద చికిత్స పొందిన పిల్లలు. మత్తుమందు ప్రభావంలో ఉన్నప్పుడో, శస్త్రచికిత్స తర్వాత కోలుకుంటున్నప్పుడో ఈ నేరాలు జరిగాయి. ఇంత సుదీర్ఘమైన నేరచరిత్రను ఒక్క వ్యక్తి కపటంతోనే వివరించలేము. అతడిని ఆపగలిగిన సందర్భాలు ఎక్కడెక్కడ చేజారాయో గుర్తించడం అవసరం.

2. 2005 నాటి తీర్పు:
పిల్లల అశ్లీల చిత్రాలున్న వెబ్‌సైటుకు కొందరు ఫ్రెంచి పౌరులు బ్యాంకు కార్డు ద్వారా సొమ్ము చెల్లించారని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. 2004లో ఫ్రాన్స్‌కు తెలియజేసింది. ఆ పేర్లలో లె స్కువార్నెక్ పేరు ఉంది. 2005లో వాన్ న్యాయస్థానం అతడికి నాలుగు నెలల జైలుశిక్ష విధించి, దాని అమలును నిలిపివేసింది. చికిత్స పొందాలన్న షరతు లేదు. పిల్లలకు వైద్యం చేయరాదన్న నిషేధం లేదు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. లైంగిక నేరస్థులకు శిక్ష తర్వాత కూడా పర్యవేక్షణ, చికిత్స విధించే ఏర్పాటును 1998 జూన్ 17 నాటి చట్టం అప్పటికే తెచ్చింది. పిల్లలతో సంబంధమున్న వృత్తుల నుండి దోషిని దూరంగా ఉంచే అధికారం కూడా న్యాయస్థానాలకు ఉంది. కనుక చట్టంలో సాధనం లేకపోవడం కాదు, ఉన్న సాధనాన్ని వాడకపోవడమే 2005 నాటి తొలి వైఫల్యం. చిత్రాలు చూడటాన్ని ఒక నేరంగా, పిల్లలకు ఎదురుకాగల ప్రమాదాన్ని మరొక విషయంగా విడదీసి చూసిన దృష్టి ఆ తీర్పులో కనిపిస్తుంది.

3. చేతులు మారిన బాధ్యత:
ఆ కాలంలో అతడు కెంపెర్లె ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. శిక్ష సంగతి తెలిసిన సహోద్యోగి, మానసిక వైద్యుడొకరు, 2006లో ఆసుపత్రి సంచాలకుడికి లేఖ రాశారు. విషయం జిల్లా వైద్యమండలికి, ఆరోగ్యశాఖ అధికారులకు చేరింది. అయితే ప్రభుత్వ సేవలో ఉన్న వైద్యుడిపై క్రమశిక్షణ చర్యను ప్రారంభించే అధికారాన్ని నాటి నిబంధనలు మంత్రి, ప్రభుత్వ ప్రతినిధి, ప్రాసిక్యూటర్ వంటివారికే పరిమితం చేశాయి. జిల్లా మండలి చర్యకు పూనుకోలేదు. అధికార యంత్రాంగమూ ముందడుగు వేయలేదు. ప్రతి కార్యాలయంలోనూ కాగితం ఉంది. ఏ కార్యాలయమూ అది తన పని అనుకోలేదు.

2008లో జోన్జాక్ ఆసుపత్రి అతడిని నియమించుకుంది. పాత శిక్ష విషయం అక్కడి యాజమాన్యానికి తెలుసు. చిన్న పట్టణాల ఆసుపత్రులకు శస్త్రవైద్యులు దొరకని కాలమది. వైద్యుల కొరత అతడికి ఒక రక్షణకవచంగా మారింది. వాన్‌లో విచారణకు వచ్చిన నేరాలలో 2005 తీర్పు తర్వాత జరిగినవీ ఉన్నాయి. ఆ బాధితులకు సంబంధించినంతవరకు 'ముందుగా తెలియదు' అనే సమాధానం ఏ సంస్థకూ మిగలలేదు.

4. నేరం బయటపడిన తీరు:
2017లో జోన్జాక్‌లో పొరుగింటి ఆరేళ్ల బాలిక జరిగినది తన తల్లిదండ్రులకు చెప్పింది. అంతకాలం వ్యవస్థలు చేయలేనిది ఆ చిన్నారి మాట చేసింది. సోదాలో మూడు లక్షలకు పైగా చిత్రాలతోపాటు, నేరాలను పేర్లతో సహా అతడే నమోదు చేసుకున్న రాతలు దొరికాయి. బాధితుల్లో చాలామందికి తమపై నేరం జరిగిందన్న సంగతి పోలీసులు వచ్చి చెప్పేవరకు తెలియదు. పెద్దవారైన తర్వాత, తమ బాల్యం గురించి నేరస్థుడి రాతల ద్వారా తెలుసుకోవలసి రావడం ఈ ఉదంతంలోని అత్యంత విషాదకరమైన అంశం. బాధితుల్లో ఇద్దరు విచారణకు ముందే మరణించారు. ఆ మరణాలకు తానే బాధ్యుడినని అతడు న్యాయస్థానంలో అంగీకరించాడు.

5. చట్టాల మార్పు – పరిమితులు:
ఫ్రాన్స్‌లో ఈ లోపం మరో చోట ముందే బయటపడింది. 2015లో విల్‌ఫోంతేన్ పట్టణంలో ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు విద్యార్థులపై లైంగిక నేరాల ఆరోపణతో అరెస్టయ్యాడు. అశ్లీల చిత్రాల కేసులో 2008లోనే అతడికి శిక్ష పడినా, ఆ సమాచారం విద్యాశాఖకు చేరలేదు. ఫలితంగా వచ్చిన 2016 ఏప్రిల్ 14 నాటి చట్టం, పిల్లల మధ్య పనిచేసేవారికి ఇటువంటి శిక్షలు పడినప్పుడు సంబంధిత అధికారులకు తెలియజేయడాన్ని ప్రాసిక్యూటర్లకు విధిగా చేసింది. ఈ చట్టం సమాచారం చేరవేతను చక్కదిద్దింది. కానీ కెంపెర్లె, జోన్జాక్‌లలో సమాచారం చేరింది, చర్యే లేదు.

కాలపరిమితి మరొక సమస్య. బాలలపై అత్యాచారం విషయంలో బాధితులు యుక్తవయస్కులైన తర్వాత 30 ఏళ్లవరకు విచారణకు 2018 ఆగస్టు 3 నాటి చట్టం వీలు కల్పించింది. అయినా గడువు ముందే దాటిపోయిన కొందరి విషయంలో విచారణ సాధ్యపడలేదు. శిక్షలోనూ పరిమితి ఉంది. నలుగురు బాలికల విషయంలో 2020లో సేంత్ న్యాయస్థానం అతడికి 15 ఏళ్ల శిక్ష విధించింది. దానికి 2025 నాటి శిక్షను కూడితే 35 ఏళ్లు కావు. ఇటువంటి బహుళ నేరాల జైలుశిక్షలను గరిష్ఠ పరిమితికి మించి కూడటానికి ఫ్రెంచి శిక్షాస్మృతి అంగీకరించదు. బాధితులు నలుగురైనా, 299 మందైనా ఆ పరిమితి 20 ఏళ్లే.

6. ముగింపు:
వాన్ తీర్పు నేరస్థుడి బాధ్యతను తేల్చింది. 2005 నాటి న్యాయస్థానం, ఆసుపత్రులు, వైద్యమండలి, ఆరోగ్యశాఖల బాధ్యత ఆ విచారణ పరిధిలోకి రాలేదు. విచారణ కాలంలో బాధితులు బహిరంగంగా లేవనెత్తిన ప్రశ్న అదే. శిక్ష ఎంత కఠినంగా ఉండాలన్న చర్చకంటే, ఒక బిడ్డకు ముప్పు ఉందని తెలిసినప్పుడు మొదట కదలవలసింది ఎవరన్న నిర్ణయం ముఖ్యమైనదని ఈ ఉదంతం నిరూపిస్తున్నది. అది నిర్ణయం కానంతకాలం తీర్పులు దస్త్రాలలోనే ఉంటాయి. ముప్పు పిల్లల గదులలో ఉంటుంది.