క్యాన్సర్ చికిత్స కాలంలో మూలికా ఉత్పత్తులు: అండమాన్ నోని రసం మొదలు తిప్పతీగ వరకు

క్యాన్సర్‌కు కీమోథెరపీ, రేడియేషన్ లేదా శస్త్రచికిత్స పొందుతూనే, వాటికి తోడుగా కషాయాలు, చూర్ణాలు, పండ్ల రసాలు, గొట్టాల మాత్రలు తీసుకునే రోగులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. నీరసం తగ్గాలని, రోగనిరోధక శక్తి పెరగాలని, వాంతులు ఆగాలని వారు వీటిని ఆశ్రయిస్తారు. ఈ ఆశ సహజమైనదే. అయితే మొక్క నుంచి వచ్చినది కనుక హాని చేయదన్న నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు.

ద్వీపాల్లో నోని

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ పేరును కేంద్రం 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చింది. ఆ నగర సమీపంలోని ఆస్టినాబాద్ వంటి ఆవాసాలకు పరిచయమైన తీరప్రాంత వృక్షం నోని. ఇది మన తొగరు చెట్టు జాతికి చెందినదే. ద్వీపాల్లో దీన్ని లోరాంగ్, సురంగి వంటి పేర్లతోనూ పిలుస్తారు. పండును పులియబెట్టి తీసిన రసం సీసాల్లో దేశమంతటా అమ్ముడవుతోంది.

నోని క్యాన్సర్‌ను నయం చేస్తుందని మనుషుల్లో నిరూపణ కాలేదు. హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు ముదిరిన క్యాన్సర్ ఉన్నవారిపై జరిపిన తొలి దశ పరీక్షలో కొందరికి నీరసం, నొప్పి విషయంలో కొంత ఉపశమనం కనిపించినా, కణితులు తగ్గిన దాఖలా లేదు. ఈ రసంలో పొటాషియం అధికం. అందువల్ల మూత్రపిండాలు బలహీనపడిన రోగులకు ఇది ప్రమాదకరం కావచ్చు. నోని తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ఆస్ట్రియా వైద్యులు 2005లో నివేదించారు. అయితే ఆ రసమే కారణమనడానికి తగిన ఆధారాలు లేవని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2006లో అభిప్రాయపడింది.

మందుతో మూలిక తలపడితే

అనేక క్యాన్సర్ మందులను కాలేయంలోని సైప్ 3ఎ4 అనే ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. కొన్ని మూలికలు ఆ ఎంజైము వేగాన్ని పెంచుతాయి. అప్పుడు మందు త్వరగా కరిగిపోయి వ్యాధిపై పట్టు కోల్పోతుంది. మరికొన్ని ఆ వేగాన్ని తగ్గిస్తాయి. అప్పుడు మందు ఒంట్లో పేరుకొని విషప్రభావం చూపుతుంది. మనోవ్యాకులతకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక, ఇరినోటెకాన్ మందు క్రియాశీల రూపాన్ని రక్తంలో 42 శాతం తగ్గించినట్లు 2002లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం తెలిపింది. వెల్లుల్లి, అల్లం వంటివి కూరలో వాడే మోతాదులో కాక గాఢమైన మాత్రలుగా తీసుకుంటే, శస్త్రచికిత్స వేళ రక్తస్రావం పెరిగే అవకాశం ఉంది.

కాలేయానికి కలిగే హాని మరో సమస్య. కొవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. వాడిన మొక్క ఏదో సరిగా నిర్ధారించలేదంటూ ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను తోసిపుచ్చింది. కారణం ఏదైనా, కాలేయ పరీక్షల ఫలితాలు చెడితే కీమో మోతాదు తగ్గించవలసి రావచ్చు, లేదా తదుపరి విడత వాయిదా పడవచ్చు. క్యాన్సర్ రోగికి ఆ జాప్యమే పెద్ద నష్టం.

మొక్క వేరు, మందు వేరు

ఇంటి ముంగిట పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కీమో మందులు లభించాయి. దీన్ని ఉదాహరణగా చూపి ఆకులను నేరుగా నమలమని చెప్పేవారున్నారు. శుద్ధిచేసిన విన్‌క్రిస్టిన్‌ను అతి స్వల్ప మోతాదులో, శరీర పరిమాణాన్ని లెక్కించి సిరలోకి ఎక్కిస్తారు. ఆకులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచేవారు ఉండరు. పైగా ఆ మొక్క విషపూరితం.

అసలు చికిత్సను మాని ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకొన్నవారిలో మరణ ముప్పు సుమారు రెండున్నర రెట్లు ఉన్నట్లు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో తేల్చారు. వ్యాపించని దశలోని రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లను వారు పరిశీలించారు.

చట్టం, రోగి బాధ్యత

క్యాన్సర్‌ను నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం నిషేధిస్తోంది. కాబట్టి అలాంటి హామీ కనిపిస్తే దాన్నే హెచ్చరికగా భావించాలి.

ప్రత్యేక చికిత్స కోసం సముద్రం దాటి చెన్నై, విశాఖపట్నం వంటి నగరాలకు వెళ్లే ద్వీప రోగి, విడతల మధ్య ఇంటికి తిరిగి వస్తాడు. ఆ వ్యవధిలో ఇంట్లో ఏం తీసుకున్నాడో దూరాన ఉన్న వైద్యుడికి తెలిసే మార్గం రోగి మాట ఒక్కటే. వాడుతున్న ప్రతి కషాయం, చూర్ణం, సీసా పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ కాగితంపై రాసుకొని, వీలైతే సీసానే వెంట తీసుకువెళ్లాలి. వైద్యుడు కోప్పడతారన్న సంకోచంతో దాచకూడదు. కొత్తగా ఏదైనా మొదలుపెట్టే ముందు, శస్త్రచికిత్స తేదీ ఖరారైనప్పుడు తప్పక అడగాలి. కామెర్లు, ముదురు రంగు మూత్రం, అకారణ రక్తస్రావం కనిపిస్తే ఆ ఉత్పత్తిని ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యులు రాసిన మందును మాత్రం సొంతంగా ఆపకూడదు.