నుసి చేసిన చేటు

కృత్రిమ తుంటి కీలు వదులైపోతే మనవాళ్లు సాధారణంగా అనే మాట, "ఒంటికి పడలేదు" అని. ఆ ఒక్క మాటతో నేరం పదార్థం మీదకో, రోగి ఒంటి తత్వం మీదకో వెళ్లిపోతుంది. ఇంగ్లండ్‌లో, లాంకషైర్ ప్రాంతంలోని రైటింగ్టన్ ఆసుపత్రి చరిత్ర చదివితే ఆ తీర్పు నిలవదు. అక్కడి కీళ్లలో రోగనిరోధక కణాలను రెచ్చగొట్టింది గట్టిగా, నునుపుగా ఉన్న ప్లాస్టిక్ గిన్నె కాదు, అది అరిగినప్పుడు రాలిన నుసి.

రైటింగ్టన్ అంతకుముందు క్షయరోగుల ఆసుపత్రి. 1950ల చివర సర్జన్ జాన్ చార్న్‌లీ అక్కడ ఉక్కు బంతికి టెఫ్లాన్ గిన్నె జతచేసి తుంటి కీళ్లు మార్చడం మొదలుపెట్టాడు. టెఫ్లాన్ జారుడుగా ఉంటుంది, రసాయనాలకు లొంగదు. శరీరం దాన్ని పట్టించుకోదనుకోవడం సహజమే. ఏళ్ల తరబడి నొప్పితో కుంటినవాళ్లు లేచి నడిచారు. కానీ రెండు మూడేళ్లలోనే గిన్నెలు అరిగిపోయాయి, కీలు చుట్టూ జున్నులాంటి ముద్ద పేరుకుంది, ఎముక తినేసినట్టయింది. దాదాపు 300 మందికి అమర్చిన కీళ్లవి. 1962లో, మగ్గాల పళ్లచక్రాలకు వాడే పాలిథిలిన్ ముక్క ఒకటి ఆయన దగ్గరకు వచ్చింది. చార్న్‌లీ దాన్ని తీసిపారేశాడు. ఆయన సహాయకుడు హ్యారీ క్రేవెన్ మాత్రం వదలకుండా అరుగుదల యంత్రం మీద పెట్టి చూశాడు. టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అది మూడు వారాలకు అరగలేదు. ఆ నవంబరు నుంచే పాలిథిలిన్ గిన్నెలు రోగులకు అమర్చారు. చార్న్‌లీ అంతటితో ఆగక రెండు ప్లాస్టిక్‌లనూ తన తొడలోనే పెట్టించుకున్నాడు. నెలలు గడిచాక టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు చేతికి తగిలాయి, పాలిథిలిన్ ఉన్నచోట దాదాపు ఏమీ తగల్లేదు. 1963లో ఆయన ఈ సంగతి 'లాన్సెట్' పత్రికలో ప్రకటించాడు. తన ఒంటిని రోగి ఒంటితో సమానంగా చూసిన వైద్యుడాయన. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే.

ఇక్కడే ఒక అభ్యంతరం ఎదురవుతుంది: చార్న్‌లీ తొడే సాక్ష్యం చెబుతోంది కదా, తేడా పదార్థంలోనే ఉందని? కొన్ని నెలల వరకు ఆ సాక్ష్యం నిజం. ఏళ్లు గడిచాక మాత్రం పాలిథిలిన్ కీళ్ల చుట్టూ కూడా ఎముక కరగడం ఎక్స్‌రేల్లో కనబడింది. మొదట నింద కీలును ఎముకకు అంటించే సిమెంటు మీద పడింది. 1980ల్లో దానికి 'సిమెంటు జబ్బు' అనే పేరు కూడా పెట్టారు. సిమెంటు లేని కీళ్లు వచ్చాక కూడా ఎముక కరిగింది. అప్పుడు గాని నింద నుసి మీదకు మళ్లలేదు. నిజానికి 1970ల్లోనే హాన్స్ గేయార్గ్ విల్లెర్ట్ అనే పరిశోధకుడు ఈ మాట చెప్పాడు. మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా చిన్న రేణువును మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం సూక్ష్మజీవిని మింగినట్టే మింగుతుంది. అరిగించుకోలేదు. ఓడిన ఆ కణం వదిలే వాపు సంకేతాలు ఎముకను తినే కణాలను పిలుస్తాయి. పెద్ద గిన్నెను అది మింగలేదు. శరీరం గిన్నె చుట్టూ పీచు పొర కట్టి ఊరుకుంటుంది. 1990ల చివర, రేడియేషన్‌తో అణువులను ఒకదానికొకటి ముడివేసిన పాలిథిలిన్ వచ్చింది. రసాయనంగా అది అదే జాతి ప్లాస్టిక్, కానీ అరుగుదల చాలా తక్కువ. ఎముక కరగడం కూడా దానితోపాటే బాగా తగ్గింది. ఇంతకన్నా బలమైన రుజువు నాకు కనబడలేదు.

లోహానికి లోహం రాసుకునే కీళ్ల సంగతేమిటని అడగవచ్చు. అలాంటి ఒక కీలును 2010లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. భారతదేశంలోనూ వేలమందికి దాన్ని అమర్చి ఉన్నారు. ఆ కీళ్ల చుట్టూ కోబాల్ట్, క్రోమియం అయాన్లకు లింఫోసైట్లు అనే మరో రకం రోగనిరోధక కణాలు స్పందించాయి, కణజాలం చచ్చింది. అంటే పదార్థానికి పాత్ర లేదని నేను అనలేను. కానీ ఆ అయాన్లలో చాలా భాగం రాపిడి నుంచీ, దానివల్ల రాలిన రజను నుంచీ వచ్చినవే. కాబట్టి "ఈ లోహం శరీరానికి సురక్షితమా?" అన్న ప్రశ్న చాలదు, పదేళ్లు నడిచాక అది ఏమై రాలుతుందో తయారీదారు చూపించాలి.

తుంటి మార్పిడి చేయించుకున్నవారికి ఒక్క మాట. ఎముక కరగడం చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది. నొప్పి లేదని ఎక్స్‌రేకు వెళ్లడం మానకండి. మీ కీలు తయారీ, మోడల్ రాసిన కార్డును భద్రంగా దాచుకోండి.