పోలవరం పన్నెండు నెలలు

పాపికొండల ఇరుకులోంచి బయటపడిన గోదావరి వెడల్పయ్యే చోట, కుడిగట్టున ఉంది పోలవరం. ఒకప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి ఏడాదిని ఆకాశాన్ని బట్టి మాత్రమే లెక్కకట్టడం కుదరదు. ఊళ్లో కురిసే వాన ఒకటి, ఎక్కడో కురిసి ఊరి ముందుకు వచ్చే నీరు మరొకటి.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. నైరుతి రుతుపవనాలు దాదాపు అదే సమయానికి రాష్ట్రాన్ని తాకుతాయి. మొదటి వానలకు ఎండ తగ్గుతుంది గానీ ఉక్కపోత పోదు. ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే రోజుల తరబడి ముసురు పడుతుంది.

జులైలో నది రంగు మారుతుంది. వేసవంతా తేటగా ఉన్న నీరు ఎర్రబడిందంటే ఎగువన గట్టి వానలు పడ్డట్టే. ఆ నీటిని తాగేందుకు పూర్వం కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి ఉంచేవారు. కాసేపటికి మట్టి అడుగున పేరుకునేది.

ప్రాణహిత, ఇంద్రావతి నీళ్లు భద్రాచలం మీదుగా వస్తాయి. శబరి కూనవరం దగ్గర కలుస్తుంది. అందుకే పోలవరంలో ఎండ కాస్తున్నా వరద పెరగవచ్చు. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెల్ని బట్టే దిగువ ఊళ్లు సర్దుకుంటాయి. నది నిండినప్పుడు వాగుల నీరు అందులోకి దిగలేక వెనక్కి ఎగదన్ని పొలాలు ముంచుతుంది.

పెద్ద వరదలకు ఆగస్టు పేరుమోసిన నెల. 1986 ఆగస్టు 16న భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022లో మాత్రం జులై 16నే 71.3 అడుగులకు చేరింది. సెప్టెంబరులో వానలు సన్నగిల్లినా నదిని నమ్మడానికి లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగింది వరద ఉధృతిలోనే.

అక్టోబరులో గాలి దిశ మారుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన ఇక్కడ నైరుతి అంత ఉండదు. ఆ లోటును కొన్నేళ్లు తుపానులు తీరుస్తాయి. అక్టోబరు, నవంబరు నెలలు వాటికి అదను. 1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసిన తుపాను అలాంటిదే. తీరం దాటిన తుపాను లోపలికి వచ్చేకొద్దీ గాలి తగ్గుతుంది, వాన మిగులుతుంది. కోతకొచ్చిన వరికి అదే చేటు.

డిసెంబరు, జనవరి చలి నెలలు. తెల్లవారుజామున ఉష్ణోగ్రత 20 డిగ్రీల దిగువకు జారుతుంది. కొండల మీది చల్లగాలి లోయలోకి దిగి నది తేమను తాకడంతో పొగమంచు కమ్ముతుంది. పొద్దెక్కేదాకా అవతలి గట్టు కనబడదు. మామిడి పూతకొచ్చేదీ ఈ రోజుల్లోనే. మంచు ఎక్కువైతే పూత మాడుతుంది.

ఫిబ్రవరికి చలి సడలి, నది సన్నబడుతుంది. మహాశివరాత్రికి దిగువనున్న పట్టిసీమ వీరభద్రుడి దర్శనానికి పడవ దిగిన భక్తులు ఇసుక తిన్నెల మీద నడిచి గుడికి చేరతారు. వరద రోజుల్లో ఆ ఇసుకంతా నీటి అడుగునే. డెల్టాలో రెండో పంట దాళ్వాకు నీరు చాలనప్పుడు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలేది శబరి మీదుగా ఈ దారినే పోతుంది.

మార్చి నుంచి ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో ఈదురుగాలులు లేచి మామిడికాయలు రాలుస్తాయి. మేలో దక్కన్ మీదుగా వచ్చే పొడి పడమటి గాలి ఊపందుకుంటే సముద్రపు చల్లగాలి ఇంతదూరం అందదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి వడగాలులు వీస్తాయి. నెలాఖరున వచ్చే రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఏడాది మొత్తంలో గోదావరి బాగా చిక్కిపోయేది ఈ రోజుల్లోనే.