కారులో పిల్లలు, ప్రయాణికుల భద్రత: కోనసీమ చరిత్ర

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య సముద్రం దాకా పరుచుకున్న లంక భూమి కోనసీమ. వైనతేయ పాయ దాన్ని మళ్ళీ రెండుగా చీలుస్తుంది: ఇటు అమలాపురం, అటు రాజోలు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఇది ప్రత్యేక జిల్లా అయింది. జిల్లా కేంద్రానికి ఇప్పటికీ రైలు లేదు. పెళ్ళికైనా, ఆసుపత్రికైనా, పండక్కి వచ్చిన అల్లుణ్ణి సాగనంపడానికైనా రోడ్డే దిక్కు. కుటుంబ కారులో కూర్చున్నవాళ్ళ భద్రత ఇక్కడ రెండు భయాల మధ్య పెరిగింది. గుద్దుకుంటే ఏమవుతుందన్నది లోకమంతటికీ ఉన్న భయమే. కాలువలో పడితే ఏమవుతుందన్నది ఈ నేల భయం. మొదటి భయానికి మందు కనిపెట్టి అరవయ్యేళ్ళు దాటింది. దాన్ని వాడకుండా ఉండటానికి రెండో భయాన్ని సాకుగా చెప్పుకోవడం కోనసీమలో చాలాకాలం నడిచింది, ఇంకా పూర్తిగా పోలేదు.

రేవులు, పంట్ల కాలం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు పొలాలకు నీళ్ళిచ్చాయి, మనుషులకు దారీ ఇచ్చాయి. పడవలు, ఆ తర్వాత లాంచీలు లాకులు దాటుకుంటూ సరుకునూ జనాన్నీ చేరవేసేవి. కారు వచ్చాక కూడా నది అడ్డం వస్తే, బళ్ళను అవతలి ఒడ్డుకు దాటించే పంటు ఎక్కక తప్పేది కాదు. కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవులు ఈ రాకపోకలకు పేరుపడ్డవి. పంటు మీదికి కారు ఎక్కించేటప్పుడు పిల్లాపెద్దా దిగిపోయి నడిచి ఎక్కడం, ఒడ్డు చేరాక బండి పైకి వచ్చేదాకా ఎడంగా నిలబడటం రేవు దగ్గర పాటించవలసిన జాగ్రత్త. కారుకు సంబంధించి కోనసీమ నేర్చుకున్న మొదటి భద్రతా పాఠం బహుశా ఇదే. ఎవరూ చట్టం చేయలేదు, నీళ్ళే చేయించాయి.

చట్టం సంగతికి వస్తే, 1914 నాటి మోటారు వాహనాల చట్టానికీ, దాని స్థానంలో వచ్చిన 1939 చట్టానికీ లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు, పర్మిట్లు ముఖ్యం. లోపల కూర్చున్న మనిషి గురించి అవి పట్టించుకున్నది తక్కువ.

అంబాసిడర్, ఒడి

1950ల చివర వచ్చిన అంబాసిడర్ ముందు సీటు బల్లలాగా ఒకే ముక్క, గేరు స్టీరింగు పక్కన. అందువల్ల ముందు ముగ్గురు ఇబ్బంది లేకుండా పట్టేవారు. వెనక నలుగురు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, సందులో సంచులు. పెళ్ళివారి కారైతే లెక్కే లేదు. బెల్టు లేదు, ఉండాలన్న ఊహా లేదు. వేగం తక్కువ కాబట్టి చాలామందికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్నే భద్రత అనుకునే అలవాటు అక్కడే మొదలైంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి మధ్యతరగతి వాకిట్లో నిలబడ్డాక కారు చిన్నదైంది, కుటుంబం మాత్రం చిన్నది కాలేదు.

అదే కాలంలో బయటి ప్రపంచంలో వేరే కథ నడుస్తోంది. 1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ భుజాన్నీ నడుమునూ కలిపి పట్టే మూడు బిందువుల బెల్టు తయారుచేశాడు. దాని పేటెంటును మిగతా కంపెనీలు కూడా వాడుకునేందుకు వోల్వో వదిలిపెట్టింది. అంతకుముందు కూడా పిల్లల సీట్లు ఉండేవి గానీ, 1930లలో అమెరికాలో అమ్మినవి పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూడటానికి ఎత్తు చేసే పీటలే. ప్రమాదంలో కాపాడటానికంటూ సీట్లు వచ్చింది 1960లలో. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మాన్ వ్యోమగాములు వీపు మీద భారం మోపి కూర్చునే తీరు చూసి, పసిపిల్లలను కారు వెనక్కి తిప్పి కూర్చోబెట్టే సీటుకు 1964లో నమూనా చేశాడు. పసిబిడ్డ తల పెద్దది, మెడ లేతది. ముందుకు తిరిగి ఉంటే గుద్దుకున్నప్పుడు ఆ తల బరువంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే అదే భారం వీపంతా పంచుకుంటుంది. పిల్లల సీటును తప్పనిసరి చేసిన మొదటి అమెరికా రాష్ట్రం టెన్నెసీ. అక్కడి పిల్లల డాక్టరు రాబర్ట్ శాండర్స్ పట్టుబట్టి సాధించిన ఆ చట్టం 1978లో అమల్లోకి వచ్చింది.

ఒడి ఎందుకు చాలదో లెక్క వేస్తే తేలిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తునుంచి కింద పడటం, అంటే సగం కొబ్బరిచెట్టు మీంచి జారినట్టు. కారు సెకనులో పదో వంతులో ఆగిందనుకుంటే ఒళ్ళో ఉన్న 10 కిలోల బిడ్డను పట్టుకోవడానికి తల్లి చేతులు ఆ క్షణంలో 140 కిలోల బరువు ఆపాలి. ఏ చేతులూ ఆపలేవు. పైగా తల్లికి కూడా బెల్టు లేకపోతే ఆమె బరువే బిడ్డ మీద పడుతుంది. తల్లీబిడ్డలిద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టడమూ ఇంతే: బెల్టుకూ తల్లికీ మధ్య నలిగేది బిడ్డే.

చట్టాలు, పరీక్షలు

భారతదేశంలో బెల్టు ముందు కారు తయారీదారుకు వచ్చింది, తర్వాతే ప్రయాణికుడికి. 1988 మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన 1989 నిబంధనల ప్రకారం 1994 మార్చి 25 తర్వాత తయారైన కార్లకు ముందు సీటు బెల్టులు తప్పనిసరి అయ్యాయి. 2002లో దాన్ని వెనక సీట్లకూ వర్తింపజేశారు. కార్లలో బెల్టులు వచ్చాయి. వెనక బెల్టులు మాత్రం చాలా ఇళ్ళలో సీటు కవరు కింద దాక్కున్నాయి.

కోనసీమ రోడ్లు మారడం మొదలైంది కూడా అప్పుడే. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో తెరుచుకుంది. అమలాపురం ఎంపీగా ఉంటూ లోక్‌సభ స్పీకరయి, అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరే దానికి పెట్టారు. వసిష్ఠ మీద చించినాడ వంతెన, వైనతేయ మీద బోడసకుర్రు వంతెన కలిసి ఇప్పటి 216వ నంబరు జాతీయ రహదారి కోనసీమను అడ్డంగా దాటేలా చేశాయి. రేవు దగ్గర గంటలు పోవడం తగ్గింది, వేగం పెరిగింది. పంటు దగ్గర దిగి నడిచే అలవాటు పోయింది. దాని స్థానంలో రావలసిన అలవాటు రాలేదు.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ భారత్‌లో బాగా అమ్ముడుపోయే అయిదు చిన్న కార్లను గోడకు గుద్ది చూపించింది. అయిదింటికీ వచ్చినవి సున్నా నక్షత్రాలు. ఆ దృశ్యాలు చాలామంది తండ్రుల కళ్ళు తెరిపించాయి గానీ, కారు కొనేచోట మాట ఇంకా మైలేజీ మీదే నడిచింది. ఆ తర్వాత నిబంధనలు వరుసగా వచ్చాయి: 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్ళకు గుద్దుడు పరీక్ష, 2019 జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, బెల్టు పెట్టుకోకపోతే మోగే హెచ్చరిక, 80 కిలోమీటర్లు దాటితే కూత. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ 2021 చివరికి అన్ని కార్లకూ వచ్చింది. 2023 అక్టోబరు 1న సొంత పరీక్షా పద్ధతి భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. అందులో పెద్దలకు 32 మార్కులైతే పిల్లలకు 49. కారు కొనేవాళ్ళు నక్షత్రాలను లెక్కపెడతారు గానీ పిల్లల మార్కులు వేరే ఉంటాయని చూసేవారు తక్కువ.

పిల్లల విషయంలో అసలు మలుపు 2019 సవరణ చట్టం. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టి కూర్చోబెట్టకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. అలా నడపనిచ్చినవారికీ అంతే. హెల్మెట్ కోసం ఆపినంతగా దీని కోసం ఆపడం కనిపించదు.

వెనక సీటు

వెనక కూర్చున్నవాడికి బెల్టెందుకన్న నమ్మకం తెలుగునాట గట్టిది. ముందు సీటు అడ్డం ఉంటుంది కదా అంటారు. బెల్టు లేని వెనక మనిషి ముందు సీటునే గుద్దుతాడు, ముందున్నవాడిని కూడా చంపగలడు. 2014లో కేంద్రమంత్రి గోపీనాథ్ ముండే, 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో ఉండగానే చనిపోయారు. మిస్త్రీ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పాక దేశమంతా కొన్ని వారాలపాటు వెనక బెల్టు గురించి మాట్లాడుకుంది. తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరగా తగిలింది 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ మరణం. ఆయన స్వయంగా కారు నడుపుతున్నారు, బెల్టు పెట్టుకోలేదన్న వార్త అప్పట్లో ప్రతి ఇంట్లోనూ చర్చకు వచ్చింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మరణాలు 1,68,491. వాటిలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివాళ్ళు. అందులో దాదాపు సగం మంది బండి నడిపేవాళ్ళు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్ళు.

హెచ్చరిక మోత వినలేక ఖాళీ బెల్టు బిళ్ళలు కొని బిగించుకున్నవారూ తక్కువ కాదు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ దుకాణాల నుంచి అలాంటి బిళ్ళల ప్రకటనలను 13,118 తీయించింది. ప్రాణం కాపాడే మోతను ఆపడానికి డబ్బు పెట్టి కొన్న వస్తువు ఇంకోటి గుర్తుకు రాదు.

కాలువ

కోనసీమ రోడ్లలో చాలావాటికి పక్కన కాలువ తోడుంటుంది. గట్టే రోడ్డు, చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు, లాకుల దగ్గరా వంతెనల దగ్గరా మలుపు ఒక్కసారిగా వస్తుంది. సంక్రాంతి ముందు తెల్లవారుజాము మంచు, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పెట్టిన రాళ్ళు, వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నవారి కార్ల వరస, ఇవన్నీ ఆ ఇరుకులోనే. 2024 డిసెంబరులో పి.గన్నవరం మండలంలో విహారయాత్ర నుంచి తిరిగి వస్తున్న కుటుంబం కారు కాలువలో పడి తల్లి, ఇద్దరు పిల్లలు చనిపోయారు.

బెల్టు పెట్టుకుంటే నీళ్ళలో చిక్కుకుపోతామన్న వాదన పుట్టింది ఈ భయంలోంచే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ గట్టు మీంచి పల్టీ కొట్టిన కారులో బెల్టు లేని మనిషి ముందు తల కొట్టుకుంటాడు. స్పృహ తప్పినవాడికి తలుపైనా కిటికీయైనా ఒకటే. బెల్టు ఊడదీయడానికి బొటనవేలితో ఒక్క నొక్కు చాలు. నీట మునిగే కార్ల మీద ఏళ్ళతరబడి పరీక్షలు చేసిన కెనడా ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పేది ఇది: కారు పడగానే మునగదు, అర నిమిషం నుంచి ఒకటి రెండు నిమిషాలు తేలుతుంది. ఆ వ్యవధిలోనే బెల్టు తీయాలి, కిటికీ అద్దం దించాలి, పిల్లలను ముందు పంపి బయటపడాలి. ఫోన్ చేయడానికి, తలుపు తోయడానికి సమయం పోగొట్టుకోకూడదు. బయటి నీటి ఒత్తిడికి తలుపు రాదు. పక్క అద్దాలు చాలా కార్లలో మొనదేలిన సుత్తితో ఒక్క దెబ్బకు పొడిపొడి అవుతాయి, ముందు అద్దం పొరలతో చేసింది కాబట్టి పగిలినా ఊడిరాదు. ఆ సుత్తి డిక్కీలో ఉంటే లేనట్టే. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలినుంచి తెరుచుకోవు, కాబట్టి పిల్లలను కిటికీలోంచే తీయాలి. పిల్లల సీటు పట్టీలు విప్పడం పెద్దల బెల్టు కన్నా కాస్త ఆలస్యం. ఇంటిముందు కళ్ళు మూసుకుని నాలుగుసార్లు విప్పి చూసుకున్న తల్లిదండ్రులకు ఆ ఆలస్యం తగ్గుతుంది.

వరదల సంగతి వేరు. గోదావరి పొంగితే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు, రెండడుగులైతే చాలా బళ్ళను లాక్కుపోతుంది. అక్కడ బెల్టు గురించి మాట్లాడి లాభం లేదు, కారు దింపకపోవడమే.

పిల్లల సీటు, గల్ఫ్ దారి

కోనసీమ ఇళ్ళకు పిల్లల సీటు పరిచయమైంది చాలావరకు బయటి దేశాల్లో ఉన్న పిల్లల ద్వారా. అమెరికాలో కూతురి పురుడుకు వెళ్ళిన అమ్మమ్మ, ఆసుపత్రి నుంచి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళడానికి వీల్లేదని అక్కడే మొదటిసారి వింటుంది. గల్ఫ్ కుటుంబాలకు 2017 నుంచి ఎమిరేట్స్ నిబంధన తెలుసు: నాలుగేళ్ళలోపు పిల్లలకు సీటు లేకపోతే 400 దిర్హాముల జరిమానా. అదే కుటుంబం సెలవుల్లో రాజోలు వచ్చి అద్దె కారు ఎక్కితే బిడ్డ మళ్ళీ ఒళ్ళోకి వస్తుంది. సరిగ్గా బిగించి వాడిన సీటు పిల్లల మరణాలను కనీసం 60 శాతం తగ్గించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ వచ్చాక పాత అలవాటు ఇంకా ప్రమాదకరమైంది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే వేగం గంటకు మూడు వందల కిలోమీటర్లకు దగ్గర. తల్లి ముందు సీట్లో బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటే ఆ దెబ్బ నేరుగా బిడ్డకే. వెనక్కి తిరిగిన సీటును కూడా ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో పెట్టకూడదు. పిల్లల చోటు వెనకే. మొదటి రెండేళ్ళూ వెనక్కి తిరిగే సీటు, తర్వాత పట్టీలున్న ముందుకు తిరిగే సీటు, ఆపైన పెద్దల బెల్టు మెడకు కాక భుజానికి, పొట్టకు కాక తుంటికి ఆనేంత ఎత్తు వచ్చేదాకా బూస్టరు. పిల్లల సీటును నేరుగా తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలున్న కారైతే సీటు బిగించడంలో పొరపాట్లు తగ్గుతాయి. శ్రీమంతం అయ్యాక పుట్టింటికి బయల్దేరే కూతురు బెల్టు వద్దనుకోనక్కర్లేదు: కింది పట్టీ పొట్ట కిందుగా తుంటి మీద, పై పట్టీ రొమ్ముల మధ్యగా వస్తే తల్లికీ బిడ్డకూ రక్షణే.

ఆగి ఉన్న కారు

చివరిగా వచ్చి చేరిన ప్రమాదం కదలని కారుది. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ళ మండలం దామరగిద్దలో ఇద్దరు బాలికలు, మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు లోపల చిక్కుకుని చనిపోయారు. ఎండలో మూసి ఉన్న కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. పిల్లల ఒళ్ళు పెద్దల కన్నా త్వరగా కాగుతుంది. కొబ్బరితోట నీడ దాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆపదు. వాకిట్లో నిలిపిన కారుకైనా తాళం వేసి చెవి పిల్లలకు అందనిచోట పెట్టాలి. నాలుగైదేళ్ళ పిల్లలకు నేర్పవలసింది కూడా ఉంది: వెనక తలుపు రాకపోతే ముందు సీట్లోకి ఎక్కి ఆ తలుపు పిడి లాగడం, అదీ రాకపోతే ఎవరైనా వచ్చేదాకా హారన్ నొక్కుతూ ఉండటం.