ఒక్కపొద్దు: చెన్నపట్టణమున రంజాను మాసము

తెలుగింట పెరిగిన పసివారికైనను ‘నోము’ అను మాట తెలియును. చెన్నపట్టణమున మన పొరుగువారైన తమిళులు ‘నోన్బు’ అందురు. ఈ రెండును ఒక్క తల్లి కడుపున పుట్టిన మాటలు. ఓర్చుట, నియమముతో సహించుట అనునది వాని మూలార్థము. తమిళము మాట్లాడు ముస్లిములు తమ రంజాను ఉపవాసమునకు నోన్బు అనియే పేరు పెట్టుకొనిరి. మన తెలుగుపల్లెలలో దానిని ‘ఒక్కపొద్దు’ అనుటయు కలదు. శనివారమునాడు మన యిండ్లలో పెద్దలుండు ఒక్కపొద్దును, ఆ ఒక్కపొద్దును ఒక్కటే మాట. ఉర్దూ మాట్లాడువారు దినమను అర్థము గల పారసీక పదము నుండి వచ్చిన ‘రోజా’ను వాడుదురు. ఖురాను భాషయైన అరబీలో దీనికి ‘సౌమ్’ అని పేరు. నిగ్రహించుకొనుట అని దాని భావము. ఒక మాట ఓర్పును చెప్పుచున్నది, ఒకటి కాలనియమమును చెప్పుచున్నది, ఒకటి నిగ్రహమును చెప్పుచున్నది. ఆకలి అని మాత్రము ఏ మాటయు చెప్పుట లేదు.

ఈ నగరమున తరతరములుగా కాపురమున్న మావంటి తెలుగువారికి రంజాను అనగా తెలిసినది స్వల్పము. సాయంవేళ మసీదు వాకిట గంజి పోయుదురని యెరుగుదుము. హైదరాబాదునకు పోయినవారము హలీము రుచి యెరుగుదుము. దానికి 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినదనియు పత్రికలలో చదివితిమి. కాని పొరుగింటివారు తెల్లవారుజామున లేచి, పగలెల్ల మంచినీటి చుక్కయైన ముట్టక ఏల యుందురో, దానివలన వారు కోరున దేమో అడిగి తెలిసికొనినవారము కొద్దిమందిమి. పొరుగువారి పండుగలో తినుబండారములను పంచుకొని, దాని అర్థమును మాత్రము విడిచిపెట్టుట మర్యాద కాదు. ఈ వ్యాసమునకు కారణమిదియే.

మహమ్మదు ప్రవక్త మక్కా విడిచి మదీనా చేరినది క్రీస్తుశకము 622వ సంవత్సరమున. హిజ్రీ శకము అప్పటినుండి లెక్కింపబడుచున్నది. రెండేండ్లకు, అనగా 624లో, రంజాను మాసమెల్ల ఉపవసించుట ముస్లిములకు విధిగా ఏర్పడినది. ఇస్లాము సంవత్సరమున ఇది తొమ్మిదవ మాసము. ఖురాను అవతరించుట కారంభమైన మాసము. ఆ గ్రంథము రెండవ అధ్యాయమున ఈ విధి చెప్పబడినది. ఇది క్రొత్త నియమము కాదనియు, పూర్వజాతులకును ఉపవాసము విధింపబడియుండెననియు అక్కడనే కలదు. దాని ఫలమునకు ‘తక్వా’ అని పేరు. దైవము చూచుచున్నాడను ఎరుకతో తప్పునకు దూరముగా మెలగుట అని దానికి అర్థము చెప్పవచ్చును. గదిలో ఒంటరిగానున్నవాడు కూజాలోని నీరు త్రాగినచో చూచువారెవ్వరు? అయినను త్రాగడు. ఆ త్రాగకుండుటయే తక్వాకు అభ్యాసము.

ఆచరణ విధానమును కొంత వివరింతుము. తూర్పున తొలివెలుగు కనబడకముందే భుజించుట ‘సహరీ’. అప్పటినుండి సూర్యాస్తమయము వరకు అన్నపానములు, పొగాకు, దాంపత్య సుఖము వర్జ్యములు. నాలుకకును ఉపవాసము కలదు. అబద్ధము, చాడీ, తిట్టు మానని వాని పస్తు దేవునకు అక్కరలేదని ప్రవక్త బోధించినట్లు ముస్లిములు చెప్పుదురు. సూర్యుడు క్రుంకగానే ఖర్జూరముతోనో, మంచినీటితోనో దీక్ష విడుతురు, అది ‘ఇఫ్తారు’. ఆలస్యము చేయుట ఘనత కాదు. వేళకు విడుచుటయే మేలు. రాత్రి నమాజు తరువాత ‘తరావీహ్’ అను ప్రత్యేక ప్రార్థనలు జరుగును. ఖురానును ముప్పది భాగములుగా విభజించి, మాసము ముగియులోపల ఆసాంతము వినిపించుట పెక్కు మసీదులలో వాడుక. చివరి పది దినములు కొందరు మసీదులోనే వసించి ధ్యానమున గడుపుదురు. ఖురాను అవతరించిన పవిత్రరాత్రి ఈ పదింటిలో ఒకటియని విశ్వాసము. ఇరువదియేడవ రాత్రి యని పెక్కుమంది భావింతురు.

ఇది శరీరమును హింసించు వ్రతము కాదు. రోగులకు, ప్రయాణము చేయువారికి, గర్భిణులకు, బాలింతలకు, పసివారికి, వృద్ధులకు సడలింపులు కలవు. కోలుకొనినవారు, గమ్యము చేరినవారు తప్పిన దినములను తరువాత పూర్తి చేయుదురు. ఇక ఎన్నటికిని ఉపవసింపజాలని వృద్ధుడు తప్పిన దినమొక్కంటికి ఒక పేదకు అన్నము పెట్టిన చాలును. తాను ఆకొనలేనివాడు మరియొకని ఆకలి తీర్చవలెనను ఈ నియమమును గమనించినచో, ఈ వ్రతమునకు గుండెకాయ ఎక్కడనున్నదో బోధపడును.

పంచాంగము చూచు అలవాటు గల మనకు ఇందొక విశేషము తోచును. మన మాసములును చాంద్రమానములే. పండ్రెండు చాంద్రమాసములకు ఇంచుమించు 354 దినములు. సౌరవర్షముతో కలిగిన పదునొకండు దినముల కొరతను మనము అధికమాసముతో పూరింతుము. కనుకనే శ్రావణము ఎప్పుడును వానకాలముననే వచ్చును. ఇస్లాము అధికమాసమును నిషేధించినది. అందువలన రంజాను ఏటికి పది పదునొకండు దినములు ముందునకు జరుగుచు, ఇంచుమించు ముప్పదిమూడేండ్లకు ఋతువులన్నిటిని చుట్టివచ్చును. 2030వ సంవత్సరమున జనవరిలో ఒకమారు, డిసెంబరు చివర మరియొకమారు రంజాను ప్రారంభము కానున్నది. ఇందులో న్యాయము కలదు. ఏ దేశమువానికిని ఎల్లకాలము చల్లని చిన్నపగలు దక్కదు. ఏ దేశమువానికిని ఎల్లకాలము ఎండదినము పడదు. చెన్నపట్టణమున మార్గశిరపు పగటి ఉపవాసము ఇంచుమించు పండ్రెండున్నర గంటలు, జ్యేష్ఠమాసమున పదునాలుగు గంటలకు పైబడి యుండును. అగ్నినక్షత్రపు ఎండలో రేవున మూటలు మోయు కూలికి ఆ గంటన్నర భేదమెంతటిదో నీడపట్టున కూర్చుండి వ్రాయు మేము చెప్పజాలము.

ఇక మన నగర చరిత్రకు వత్తుము. తిరువల్లిక్కేణిలో పార్థసారథిస్వామి కోవెలకు అనతిదూరమున ‘పెద్ద మసీదు’ కలదు. ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా పేర అది వాలాజా మసీదు. ఈ నవాబు 1768లో చేపాకమున భవనము నిర్మించుకొని చెన్నపట్టణవాసి యయ్యెను. ఆర్కాటు సీమలో నెల్లూరు ప్రాంతమును చేరియుండెను గనుక మన తెలుగుగడ్డకును ఆయన ప్రభువే. మసీదు నిర్మాణము 1795 నాటిది. అదే యేట అక్టోబరు మాసమున నవాబు కాలధర్మము చెందెను. బూడిదవన్నె రాతితో, కఱ్ఱయు ఇనుమును వాడక దానిని కట్టిరని ప్రసిద్ధి.

ఆ మసీదు గోడపై పారసీక శిలాక్షరములు కలవు. నిర్మాణ సంవత్సరమును తెలుపు ఆ రచన చేసినవాడు నవాబు కొలువున మున్షీగానున్న రాజా మఖన్‌లాల్ అను హిందువు. మన పూర్వులు శాసనములలో భూతసంఖ్యలచేతను, కటపయాది క్రమముచేతను సంవత్సరములను మాటలలో దాచుచుండిరి గదా! అరబీ పారసీకములలోను ప్రతి అక్షరమునకు ఒక అంకె కలదు. దైవస్మరణమే గొప్పదను అర్థము గల మాటలను మఖన్‌లాల్ ఎన్నుకొనెను. వాని అక్షరముల అంకెలను కూడినచో హిజ్రీ 1209 వచ్చును. అది 1794–95కు సరియగును. ఒక హిందువు కూర్చిన దైవస్తుతి మసీదు గోడపై చెక్కబడి నేటికిని నిలిచియున్నది.

నవాబు వైభవము మాత్రము నిలువలేదు. కుంపిణీ ఉద్యోగులకు ఆయన పడిన అప్పులు 1785లో ఇంగ్లండు పార్లమెంటులో ఎడ్మండు బర్కు ఉపన్యాసమునకు విషయమైనవి. 1801లో కర్ణాటక పరిపాలన కుంపిణీ వశమయ్యెను. 1855లో చివరి నవాబు గులాం గౌస్‌ఖాను సంతానహీనుడై మరణింపగా నవాబు పదవియే రద్దయి, చేపాక భవనము ప్రభుత్వపరమైనది. 1867లో ఆ వంశమువారికి ఆర్కాటు ప్రిన్సు అను బిరుదు లభించెను. వారి నివాసము రాయపేటలోని అమీర్‌మహలు. రాజ్యము పోయెను, కోట పోయెను, అప్పుపత్రములు చెదలకు ఆహుతియయ్యెను. సాయంకాలపు బాంగు పిలుపు మాత్రము పోలేదు. పండితుడు బహ్రుల్ ఉలూం అబ్దులలీ, రాజ్యాంగ సభలో సభ్యుడై 1972లో గతించిన కాయిదేమిల్లత్ మహమ్మద్ ఇస్మాయిల్ ఆ ఆవరణలోనే శాశ్వతనిద్ర నొందియున్నారు.

రంజాను సాయంకాలము ఆ ఆవరణలో నిలిచి చూడవలెను. తమిళదేశపు మసీదులలో ఇఫ్తారునకు ప్రాణము నోన్బుగంజి. బియ్యపు నూక, పెసరపప్పు, మెంతులు, అల్లము, వెల్లుల్లి, పుదీన, కొత్తిమీర వేసి, కొబ్బరిపాలు కలిపి, కలిగినచోట మాంసపు తునుకలు చేర్చి పెద్ద గుండిగలలో గంటల తరబడి కాతురు. పగలెల్ల ఎండిన కడుపునకు బరువు కాక, చలువ చేయునట్టి ఆహారమిది. మసీదులో కూర్చున్నవారికే కాక, గిన్నె పట్టుకొని వచ్చిన ఇరుగుపొరుగువారికిని పోయుదురు. వచ్చినవాని మతమేదని అడుగరు. దీనికై మసీదులకు బియ్యమిచ్చు వాడుక తమిళనాడు ప్రభుత్వమునకు కలదు. 2020లో అంటువ్యాధి వలన మసీదులు మూతపడగా, ఆ యేడు దీక్షను ఎవరి ఇంట వారే విడిచిరి. గుండిగ పొయ్యి మీదికెక్కని ఆ రంజానును జ్ఞప్తికి తెచ్చుకొనువారు, తమకు కొరతయైనది గంజి కాదు, తోడి మనుష్యులు అని చెప్పుదురు.

పెద్ద మసీదు ఇఫ్తారులో మరియొక విశేషము కలదు. 1947లో దేశవిభజన జరుగగా సింధుదేశపు హిందువులు ఇల్లు, పొలము, వ్యాపారము విడిచి కట్టుబట్టలతో తరలివచ్చిరి. వారిలో కొందరు చెన్నపట్టణము చేరిరి. అట్లు వచ్చిన దాదా రతన్‌చంద్ సూఫీ గురువుల యెడ భక్తి గలవారు. మైలాపూరులో ఆయన స్థాపించిన సూఫీదార్ సంస్థవారు మూడు దశాబ్దములకు పైగా రంజాను దినములలో పెద్ద మసీదునకు శాకాహారము వండి తెచ్చుచున్నారు. హిందువులైన స్వచ్ఛంద సేవకులు తలపై టోపీ ధరించి, పంక్తులు తీర్చి, వేలకొలదిగాకున్నను వందలకొలది దీక్షాపరులకు స్వయముగా వడ్డింతురు.

దీనిని పైపైన చూచి మెచ్చుకొనుట సులభము. దీని వెనుకనున్న బరువును తలపోయవలెను. మతకలహముల మూలమున సొంతగడ్డను పోగొట్టుకొనినవారు వీరు. తమ నష్టమునకు ఒక మతమువారినెల్ల బాధ్యులను చేసి, పగను పిల్లలకు ఆస్తిగా నిచ్చుట మానవస్వభావమునకు క్రొత్త కాదు. వారు అన్నపు గరిటెను పట్టుకొనిరి. రెండు వందల యేండ్లకు పూర్వము ఒక హిందువు ఆ గోడపై దైవనామమును నిలిపెను. నేడు హిందువులు ఆ గోడ నీడలో అన్నము వడ్డించుచున్నారు. మొదటిది కొలువులోనివాని విద్య. రెండవది నిరాశ్రయుని క్షమ. రెండవదియే కష్టతరమని మా తలంపు.

ఇచ్చట ఒక ఆక్షేపణను విచారింపవలెను. పగలు పస్తుండి రాత్రి విందులు కుడుచుటలో త్యాగమేమున్నదని కొందరందురు. వీధులలో దీపాలంకరణలు, అంగళ్లలో తినుబండారముల గుట్టలు చూచినపుడు ఆ మాట అర్థరహితముగా తోచదు. ముస్లిము పెద్దలే ప్రసంగములలో ఈ అతిని ఖండించుచుందురు. మన ఏకాదశినాడు ఫలహారము భోజనమును మించుటలేదా? ఆచారము చెడినచోట దాని ఉద్దేశమును చూడవలెను. ఈ మాసముననే పెక్కుమంది తమ నిలువ ధనమున నలుబదింట ఒక పాలు ‘జకాతు’గా తీసి పేదలకిత్తురు, నిర్ణీత పరిమితిని మించిన సొత్తు గలవారికి అది ఏటేట తప్పని విధి. పండుగనాటి నమాజునకు ముందే ఇంటనున్న ప్రతి తలకు ఇంతయని ‘ఫిత్రా’ దానము ముట్టజెప్పవలెను, పొత్తిళ్లలోని పసికందు పేరనైనను. పండుగనాడు ఏ ఇంటను పొయ్యి వెలుగకుండరాదని దీని భావము. ముప్పది దినముల ఆకలి నేర్పిన పాఠమునకు ఇది పరీక్ష.

ఇరువదితొమ్మిదవ సాయంకాలమున మేడలపైకెక్కి పడమటి దిక్కున నెలవంకకై చూతురు. కనబడినచో మరునాడు పండుగ. మబ్బు కమ్మి కనబడనిచో ముప్పదియు పూర్తి చేయుదురు. మన వినాయకచవితినాడు చూడరాదను చంద్రునే వారు వెదకి వెదకి చూతురని నవ్వుకొనుట కలదు. చంద్రుడొక్కడే, తిథులు వేరు.

ఈ యేటి రంజానున మా చదువరులు ఒక్క పని చేయుదురు గాక. పొరుగింటి నుండి వచ్చిన సేమియా పాయసపు గిన్నెను కడిగి ఇచ్చివేయుటతో ఊరకొనక, వారి ఒక్కపొద్దు ఎట్లు గడచినదో అడుగుడు. ఖాళీగిన్నెను తిరిగి పంపుట మన యింటి ఆచారము కాదు. అందులో ఏదైనను ఉంచి పంపుదుము. అడిగి తెలిసికొనిన ఆ నాలుగు మాటలే ఆ గిన్నెలో మనముంచదగిన వస్తువు.