డ్యాష్‌బోర్డ్ గవాహీ: కారు మైలేజీ అంకెకో తారీఖ్

మా ఓబులదేవరచెరువు నుంచి పెనుకొండ వెళ్లేవాళ్లకు ఒకప్పుడు రెండే పనులుండేవి. ఒకటి బాబయ్య దర్గా జియారత్, రెండోది కోర్టు కచేరీ పని. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నాక మూడో పని కూడా పుట్టింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కార్ల ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల తాఖత్‌తో అది మొదలైంది. మన పిల్లలు కొందరు అక్కడ నౌకరీ చేస్తున్నారు. ఇంకొందరు అప్పో సప్పో చేసి కారు కొని కదిరి, గోరంట్ల, హిందూపురం, బెంగళూరు బాడుగలకు తిప్పుతున్నారు.

ఇప్పటి కార్లలో స్టీరింగ్ వెనకాల ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని చెప్పే అంకె. అన్నదమ్ములు పెట్రోలు ఖర్చు పంచుకునేది దాన్ని చూసే. ఓనరు డ్రైవర్ మీద యకీన్ పెట్టుకునేది, శక్ పడేది కూడా దాన్ని చూసే. ఒక మనిషి రోజీ దాని మీద ఆధారపడినప్పుడు, అది ఎక్కడి నుంచి వచ్చిందో, దాని గవాహీ ఎంతవరకు చెల్లుతుందో తెలుసుకోవడం మన జిమ్మేదారీ.

మైలేజీ అంటే ఒక భాగహారం. పైన దూరం, కింద ఇంధనం. ఈ రెండు కొలతలకూ వేర్వేరు తారీఖ్ ఉంది.

ముందు దూరం సంగతి. షేర్ షా సూరి జమానా నుంచి పెద్ద రహదారుల మీద కోసుకొక మీనార్ కట్టించే రివాజు సాగింది. ఆగ్రా-లాహోర్ దారిలో జహంగీర్ కట్టించిన కోస్ మీనార్లు కొన్ని ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. తర్వాత వచ్చిన ఇంగ్లీషు సర్వేయర్లు ఒక చక్రాన్ని దొర్లించుకుంటూ నడిచేవారు. అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, చుట్టుకొలతతో గుణించి దూరం రాసుకునేవారు. కారులోని ఓడోమీటరు చేసేది కూడా ఇదే పని. చిక్కల్లా ఏమిటంటే, టైరు అరుగుతుంది. కొత్త టైరు గాడి 8 మిల్లీమీటర్లు ఉండి, అరిగి 2 మిల్లీమీటర్లకు వచ్చిందనుకోండి. చక్రం వ్యాసార్ధం 6 మిల్లీమీటర్లు తగ్గినట్టు. 320 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రానికి అది దాదాపు 2 శాతం. అంటే బండి 98 కిలోమీటర్లు పోతే మీటరు 100 అంటుంది. కారుకు తన టైరు అరిగిన సంగతి తెలీదు. చుట్లు మాత్రమే తెలుసు.

ఇక కింద ఉన్న ఇంధనం. ద్రవాన్ని కొలిచి అమ్మే చోట మోసం ఉంటుందని పాత నగరాలకు బాగా తెలుసు. అందుకే ముస్లిం సల్తనతుల బజార్లలో తూకాలు, మానాలు తనిఖీ చేయడానికి ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. ఈనాడు ఆ పని తూనికలు, కొలతల శాఖది. పెట్రోలు బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అనుమానం వస్తే మీ ముందే అందులో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను చట్టం ఒప్పుకుంటుంది. అంటే అర శాతం.

ఈ రెండింటినీ కలిపి బండే మనకు లెక్క చెప్పే రోజు ఎప్పుడొచ్చింది? 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. అంతదాకా పెట్రోలును నీళ్లలా వాడిన దేశానికి లీటరు విలువ తెలిసొచ్చింది. మైలేజీ మీద అక్కడ 1975లో చట్టం వచ్చింది. 1978లో కాడిలాక్ కంపెనీ తన సెవిల్ మోడల్‌లో చిన్న కంప్యూటరు పెట్టి, మైలేజీని అంకెల్లో చూపించింది. అప్పట్లో అది షౌక్, నవాబుల కారులో తమాషా.

మన దేశంలో అంబాసిడర్, ఫియట్ జమానాలో అలాంటిదేమీ లేదు. కార్బురేటర్ బండికి తాను ఎంత తాగిందో చెప్పే దారి లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాకే అది ఆసాన్ అయింది. ఇంజెక్టరు అంటే కంప్యూటరు హుకుం మీద తెరుచుకుని మూసుకునే సన్నని నోరు. ఒక్కోసారి కొన్ని మిల్లీసెకన్లు తెరుచుకుంటుంది. ఫలానా ఒత్తిడిలో ఇంతసేపు తెరిస్తే ఇంత పెట్రోలు పడుతుందని కంపెనీ ముందే లెక్క రాసి పెడుతుంది. కంప్యూటరు ఆ క్షణాలన్నీ కూడి, ఇంత తాగాను అని చెబుతుంది. ఇక్కడ ఎవరూ పెట్రోలును నేరుగా కొలవడం లేదు. నోరు ఎంతసేపు తెరిచి ఉందో చూసి అందాజు కడుతున్నారు. ఇంజెక్టరులో మడ్డి పేరుకున్నా, పంపు ఒత్తిడి మారినా అందాజు తప్పుతుంది. దానికి పైన చెప్పిన టైరు తేడా కూడా తోడవుతుంది.

అయితే డ్యాష్‌బోర్డును ఝూటా అనేయడం ఇన్సాఫ్ అనిపించుకోదు. యూరప్‌లో 2021 నుంచి అమ్మే ప్రతి కొత్త పెట్రోలు, డీజిల్ కారూ తాను తాగిన ఇంధనాన్ని లోపలే లెక్క కట్టి దాచుకోవాలని చట్టం చేశారు. ఆ లెక్కలో 5 శాతానికి మించి తేడా ఉండకూడదు. ఆ మీటర్లిచ్చిన సమాచారంతో యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ఒక రిపోర్టు ఇచ్చింది. పెట్రోలు, డీజిల్ కార్లు రోడ్డు మీద తాగుతున్నది కాగితం మీద రాసినదానికంటే సుమారు 20 శాతం ఎక్కువని తేలింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లయితే సగటున మూడున్నర రెట్లు. అంటే కారు లోపలి లెక్కలో 5 శాతం మసక ఉండొచ్చు గానీ, షోరూం కాగితం కన్నా అదే హకీకత్‌కు దగ్గర.

ఆ కాగితం మీది అంకె పుట్టేది ల్యాబులో. పుణెలో 1966లో పెట్టిన ఏఆర్ఏఐ లాంటి సంస్థలో కారును రోలర్ల మీద నిలబెట్టి, లెక్క ప్రకారం నడుపుతారు. మన పరీక్షలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. పొగ గొట్టంలోంచి వచ్చిన వాయువును పట్టి, అందులోని కార్బన్‌ను బట్టి ఎంత పెట్రోలు కాలిందో లెక్క కడతారు. గాలి, రోడ్డు ఎంత అడ్డుపడతాయో రోలర్లకు ముందే చెప్పాలి. దానికోసం కారును బయట వేగంగా నడిపి, న్యూట్రల్‌లో వదిలి, ఎంతసేపటికి నెమ్మదిస్తుందో చూస్తారు. సరిగ్గా ఈ మెట్టు దగ్గరే హ్యుందాయ్, కియా కంపెనీల లెక్క అమెరికాలో తప్పింది. 2012 నవంబరులో అక్కడి పర్యావరణ సంస్థ ఈ సంగతి బయటపెట్టింది. దాదాపు 9 లక్షల కార్ల మైలేజీ స్టిక్కర్లను కిందికి దించాల్సి వచ్చింది. 2014లో రెండు కంపెనీలూ కలిసి 10 కోట్ల డాలర్ల జుర్మానాకు ఒప్పుకున్నాయి. కొన్నవాళ్లకు వాళ్ల ఓడోమీటరు చూసి, అదనంగా అయిన పెట్రోలు ఖర్చు లెక్కగట్టి చెల్లించాయి. ఈ కేసు ఎలా మొదలైందో గుర్తుంచుకోండి. స్టిక్కర్ మీది మైలేజీ తమకు రావడం లేదని మామూలు కార్ల యజమానులు చేసిన షికాయత్‌లే ఆ సంస్థను కదిలించాయి.

ఇప్పుడు మన ఊళ్ల హిసాబ్‌కు వద్దాం. మా వైపు ఒక ఓనరుకూ డ్రైవర్ భాయ్‌కూ మధ్య తగాదా నా దాకా వచ్చింది. స్క్రీన్ మీద 18. బంకు రసీదులు కలిపితే 17 చిల్లర. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండి. స్క్రీన్ ప్రకారం 167 లీటర్లు కావాలి, రసీదుల ప్రకారం 175 పోశారు. ఎనిమిది లీటర్లు డ్రైవరే తీశాడని ఇల్జాం. నెల జీతంలోంచి కోత. ఆ కుర్రాడికి డబ్బు పోయినదానికంటే చోర్ అన్న మాటే ఎక్కువ బాధ పెట్టింది. 18కీ, 17 చిల్లరకీ మధ్య ఉన్నది 5 శాతమే అని చెప్పి, ఒక నెల ఓనరునే బండి నడపమన్నాం. స్క్రీన్‌కూ రసీదుకూ అదే తేడా వచ్చింది. కోసిన జీతం తిరిగొచ్చింది.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి మూడింట రెండొంతులే. దీనికోసం చేయని పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 రిపోర్టే అంచనా వేసింది. ఐదేళ్ల కిందటి మైలేజీ చూపించి ఇవాళ్టి డ్రైవర్‌ను నిలదీయడం జుల్మ్ అవుతుంది.

సరైన తరాజు మన పెద్దలకు తెలిసిందే. ట్యాంకు ఫుల్ చేయించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ అదే బంకులో, గన్ తనంతట తాను ఆగేవరకు పోయించండి. తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించండి. ఒకసారి చూసి ఫైసలా చేయకుండా, నాలుగైదు సార్లు చేసి సగటు తీయండి. ఓడోమీటరు మీద శక్ ఉంటే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో సరిచూడండి. అవి మన కాలపు కోస్ మీనార్లే కదా. ఈ లెక్కంతా ఒక చిన్న నోటుబుక్కులో తారీఖు వేసి రాయండి. పక్కన స్క్రీన్ అంకె కూడా రాయండి. రెండు మూడు నెలల్లో మీ కారు ఎంత శాతం ఎక్కువ చెబుతుందో మీకే తెలిసిపోతుంది. ఆ నోటుబుక్కు ఓనరు బీరువాలో కాకుండా బండిలోనే, డ్రైవర్ కూడా చూసేలా పెట్టండి.