నేలమాళిగ ఆటల్లో క్లాసులు, పోరాటం

డంజన్ క్రాలర్లు అని పిలిచే ఈ కంప్యూటర్ ఆటల్లో ఆటగాడు ఒక బృందాన్ని వెంటబెట్టుకుని చీకటి నేలమాళిగలోకి దిగుతాడు. బృందంలో ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య. దాన్నే క్లాస్ అంటారు. ఏ క్లాస్‌కు ఏం చేతకాదో, అందులోనే ఈ ఆటల ప్రాణం ఉంది.

దీనికి మూలం కంప్యూటర్ కాదు, కాగితం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను పాచికలతో ఆడేవారు. అందులో మొదట యోధుడు, మాంత్రికుడు, పూజారి మాత్రమే ఉండేవారు. దొంగ 1975లో వచ్చి చేరాడు. అదే ఏడు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో కంప్యూటర్ మీద ‘పెడిట్5’ పుట్టింది. పాఠాలకు కేటాయించిన చోట దాచిన ఆట కావడంతో నిర్వాహకులు దాన్ని చెరిపేశారు.

ఈ పద్ధతికి స్థిరమైన రూపం ఇచ్చింది 1981లో యాపిల్ 2 కోసం వచ్చిన ‘విజార్డ్రీ’. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దాని కర్తలు. బృందంలో ఆరుగురు. ఆయుధంతో కొట్టే అవకాశం ముందు వరుసలోని ముగ్గురికే. మాంత్రికుడు వెనక నిలబడతాడు, ఒకటి రెండు దెబ్బలకే ప్రాణం పోతుంది. కొత్తలో అతని చేతిలో ఉండేవి రెండు మంత్ర ప్రయోగాలే. అవి అయిపోతే కోటకు తిరిగొచ్చి సత్రంలో బస చేయాలి. అయినా, శత్రువులను గుంపుగా నిద్రపుచ్చే ‘కటినో’ సరైన క్షణంలో పడితే యోధుల కత్తులన్నీ కలిసినా చేయలేని పని అవుతుంది. దొంగ పోరులో బలహీనుడే, కానీ పెట్టెలకు అమర్చిన ఉచ్చులు విప్పడానికి అతనే దిక్కు. ముందున్నవాడు కూలితే వెనకవాడు ముందుకు జరగక తప్పదు. చచ్చినవాణ్ని గుడిలో డబ్బు కట్టి బతికించాలి. ఆ ప్రయత్నం బెడిసికొడితే బూడిదవుతాడు, రెండోసారీ విఫలమైతే శాశ్వతంగా పోతాడు. అందుకే ఇందులో ప్రతి అడుగుకూ అంత విలువ. ఇంత పొదుపుగా ఇంత భయాన్ని పుట్టించిన ఆటలు తర్వాత అరుదు.

మైకేల్ క్రాన్‌ఫర్డ్ రూపొందించిన ‘బార్డ్స్ టేల్’ (1985) గాయకుణ్ని క్లాస్‌గా చేసింది. అతను పాడితే బృందానికి బలం. పాడి పాడి గొంతెండిపోతే పానశాలకు తీసుకెళ్లి తాగించాలి.

అసలు మలుపు 1987లో అటారి ఎస్‌టీ కంప్యూటర్‌కు వచ్చిన ‘డంజన్ మాస్టర్’. వంతులవారీ పోరు పోయింది. మనం ఆలోచిస్తూ కూర్చుంటే శత్రువు ఆగడు. క్లాస్ పుట్టుకతో వచ్చే ముద్ర కాకుండా అభ్యాసమైంది. కత్తి దూసేవాడికి కత్తి, మంత్రం వేసేవాడికి మంత్రం పట్టుబడతాయి. దసరాకు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా అనే సాము ప్రదర్శన చూసిన కోనసీమవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: కర్ర తిప్పగా తిప్పగానే కర్రసాము వస్తుంది. 2012 నాటి ‘లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్’ ‘డంజన్ మాస్టర్’కు నేరుగా వారసురాలు.

తెలుగు నేల నుంచి ఈ దారిలోకి వచ్చిన ఆట ‘అసుర’. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో భారతీయ పురాణ ప్రపంచాన్ని తీసుకుని 2017లో దీన్ని విడుదల చేసింది. ఇక్కడ బృందం లేదు, వరుసలు లేవు. ఒంటరి యోధుడొక్కడే పైనుంచి కనిపిస్తూ పోరాడతాడు. చచ్చి మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా నేలమాళిగతో పాటు నైపుణ్యాల వృక్షమూ మారిపోతుంది. నిన్న అరచేతిలో ఉన్న విద్య ఇవాళ ఏ కొమ్మన ఉందో, అసలు ఉందో లేదో, వెతుక్కుంటూ దిగాలి.